పెండ్లి లేని పందిరి

రామాంజినమ్మ అలిగి తాడిపత్రిలో అక్క ఇంటికి పోయి పన్నెండు రోజులైంది. పదమూడో రోజు పొద్దున్నే ఆమె మొగుడు కుళ్లాయప్ప గడ్డం కూడా గీసుకోకుండా నబ్బిసాబు తాత కొట్టానికి వచ్చాడు.

నబ్బిసాబు తాత దూదేకే మనిషి. పామిడిలో గట్టిపడిన పరుపు ఏదైనా ఆయన విల్లు కిందికి రావాల్సిందే. ఆయన్ని గురువనుకొని మేం పది మందిమి రోజూ ఆ కొట్టంలో చేరేవాళ్లం. ఆయన మాత్రం మమ్మల్ని శిష్యులని ఎన్నడూ అనలేదు, పని లేనోళ్లు అనేవాడు.

"తాతా, ఒక తాయెత్తు కట్టియ్యి. నా పెండ్లాం తిరిగి రావాల," అన్నాడు కుళ్లాయప్ప.

"పొయ్యేటప్పుడు ఏమనింది?"

"ఇల్లు మార్చమనింది. ఊర్లో అందరిండ్లూ తళతళలాడిస్తావు, మన ఇల్లు చూడు ఎట్లుందో అనింది."

"ఇంకా?"

"ఇంకా శానా అనింది తాతా. అదంతా ఎవురు వింటారు!"

ఆమె అన్న దాంట్లో అబద్ధమేం లేదు. కుళ్లాయప్పది టెంట్ హౌసు. దాని పేరే రామాంజినమ్మ టెంట్ హౌస్. ప్రేమతోనే పెట్టుకున్నాడు, కాదనను. రెండొందల కుర్చీల వీపుల మీదా ఆమె పేరు ఎర్ర రంగుతో రాయించాడు. ఆ రెండొందల కుర్చీలూ, షామియానా గుడ్డలూ, ప్లాస్టిక్ పూలూ పెట్టుకునేది మాత్రం వాళ్లుండే రెండు గదుల్లోనే. ఇంట్లోకి పోవాలంటే పక్కకు తిరిగి నడవాలి.

తాత విల్లు మీటుతూనే చెప్పాడు. "తాయెత్తు ఏంటికప్పా? ఇల్లు కొత్తగా చెయ్యాలంటే పైసా ఖర్చు లేదు. చేసి పిలువు, వస్తాది."

ఎట్లా అని కుళ్లాయప్ప అడగలేదు. అదే వాడి జబ్బు. తాత నోట సగం మాట రాగానే మిగతా సగం తనకే తెలుసనుకుంటాడు. నేను మాత్రం ఊరుకున్నానా! పాత చీరతో కర్టెన్ కుట్టించు, సున్నంలో చిటికెడు నీలిమందు కలిపి గోడలకు కొట్టు, గది చల్లగా కనపడుతుంది అని నాకు తెలిసినవన్నీ వెంటపడి చెప్పాను.

"అంత కష్టమేంటికి అన్నా? నా కాడ సామాను లేదా!" అని ఎగురుకుంటూ పోయాడు.

శుక్రవారం పొద్దుటికి ఆ ఇంటిని వాడు ఏం చేశాడో చూసి వీధిలోనే ఆగిపోయాను.

గుమ్మానికి అటొకటి ఇటొకటి అరటి చెట్లు. గోడలన్నిటికీ గులాబీ రంగు శాటిన్ గుడ్డ, కుచ్చులు పెట్టి మరీ. పైన అంచు వెంట వేలాడే కుచ్చుల జాలరు. పట్టపగలు వెలుగుతున్న సీరియల్ లైట్లు. కుర్చీలన్నీ వీధిలో వరసలుగా పడ్డాయి. లోపల, పెండ్లికొడుకునీ పెండ్లికూతురినీ కూర్చోబెట్టే రెండు బంగారు రంగు సింహాసనాలు. గుమ్మం మీద బోర్డు. వాడి దగ్గరున్న స్వాగతం బోర్డు అదొక్కటే. "వధూవరులకు స్వాగతం" అని దాని మీద ఉంది.

"ఎట్లుంది అన్నా?"

"ఆ బోర్డన్నా తీసెయ్ రా," అన్నాను.

"స్వాగతం అనే గదా ఉండేది!"

పదకొండు కాకముందే వీధిన పోయేవాళ్లు ఆగడం మొదలుపెట్టారు. గొరవయ్య అని ఎనభై ఏండ్ల ముసలాయన, ఎవరి పెండ్లి అని కూడా అడగకుండా, చదివింపులకని స్టీలు డబ్బా ఒకటి కొనుక్కొచ్చి ముందు వరసలో కూర్చున్నాడు. భోజనాలు ఎన్ని గంటలకని నన్నే అడిగాడు.

సరిగ్గా అప్పుడే రామాంజినమ్మ సంచి పట్టుకొని వీధి మలుపు తిరిగింది. కుళ్లాయప్ప ఫోన్లో "రా, వచ్చి చూడు" అని మాత్రమే చెప్పాడట. ఆమె అరటి చెట్లు చూసింది. బోర్డు చదివింది. లోపల తెల్ల పంచె కట్టుకొని, కుదురుగా ఉందో లేదో చూడ్డానికని సింహాసనం మీద కూర్చున్న మొగుణ్ణి చూసింది. పక్క సింహాసనం ఖాళీగా ఉంది.

"ఎవుర్ని చేసుకుంటాండావయ్యా?" అంది.

కుళ్లాయప్ప సింహాసనం దిగేలోపల గొరవయ్యే జవాబిచ్చాడు. "పెండ్లికూతురు ఇంగా రాలేదమ్మా. నువ్వు ఆ తట్టు వాళ్లా?"

ఇక చూడాలి! ఆ సంచి వచ్చి కుళ్లాయప్ప ఛాతీకి తగిలింది. నేనూ ఎదురింటి నరసక్కా అడ్డం పడి, పెండ్లీ లేదు గిండ్లీ లేదు తల్లీ, ఇదంతా నీకోసమే చేశాడని ఒట్లు పెట్టి చెప్పాం. పెండ్లి కాదని తెలిశాక ఆమె కోపం తగ్గుతుందనుకున్నాను. రెట్టింపైంది.

"నాకోసమా? రేపు ఎవురింట్లోనో శుభకార్యముంటే ఇదంతా విప్పుకొని పోవా?"

కుళ్లాయప్ప తల గోక్కున్నాడు. మర్నాడు గుత్తిలో నామకరణం ఒకటి ఒప్పుకున్నాడు.

"రెండొందల కుర్చీల మీద నా పేరు రాసినావు. నేను కూచునేకి ఇంట్లో జాగా లేదు," అంది. సంచి తీసుకొని ఎదురింటి అరుగు మీద కూర్చుంది. "నాలుగు గంటల బస్సుకు పోతా. ఈసారి ఫోన్ చెయ్యద్దు."

ఆ మాట ఆమె అరవకుండా అంది. కుళ్లాయప్ప పరుగెత్తి తాత కొట్టానికి పోయాడు.

తాత చేతిలో పని ముగించుకొని వచ్చేసరికి రెండు దాటింది. భుజాన విల్లు, చేతిలో దూదిని కొట్టే కొయ్య. అరటి చెట్లు చూశాడు, లైట్లు చూశాడు.

"మీ ఇంట్లో పరుపుందా?" అన్నాడు.

"తాతా, ఆమె బస్సెక్కుతాంటే పరుపు ఏంటికి?"

"ఉందా లేదా?"

ఉంది. పెండ్లికి ఆమె పుట్టింటివాళ్లు పెట్టింది. పద్దెనిమిదేండ్లకు అది పలక మాదిరి అయిపోయింది. దాన్ని ఈడ్చుకొచ్చి వేస్తే, తాత గడప మీదే కాళ్లు చాపుకొని కూర్చున్నాడు. కుట్లు కోసి దూది బయటికి లాగి, విల్లు ఆనించి మొదలుపెట్టాడు. టుంయ్, టుంయ్. గుమ్మం నిండా దూది. చీమ కూడా లోపలికి పోలేదు.

"ఆ గుడ్డలు విప్పెయ్యి. నా దూది అంటుకుంటాది," అన్నాడు.

లోపలున్న కుళ్లాయప్ప ఏడవలేక విప్పాడు. విప్పినవన్నీ తాత తల మీదుగా నాకు అందించాడు, నేను వీధిలో పేర్చాను. సింహాసనాలు కూడా అట్లాగే గాల్లో వచ్చాయి. తర్వాత వాడు తాత మీంచి దూకి బయటపడి, ఒక డజను కుర్చీలు ఎత్తుకొని గడప దగ్గర నిలబడ్డాడు.

"తాతా, కొంచెం జరుగు. సామాను లోపల పెట్టాల."

"పని కానీ."

"ఎప్పుడైతాది?"

"దూదినడుగు."

కుళ్లాయప్ప కుర్చీలు దించి ఒకదాని మీద కూలబడ్డాడు. గొరవయ్య వాణ్ణి ఓదారుస్తూ, సంబంధాలు తప్పిపోవడం మామూలేనన్నాడు.

మూడున్నరైంది. నరసక్క ఇచ్చిన కాఫీ తాగకుండానే రామాంజినమ్మ బస్సు వచ్చే దిక్కుకు తిరిగి కూర్చుంది. తాతకు దగ్గు వచ్చింది. దూది ధూళి.

"గాలి ఆడ్డం ల్యాదు. కుళ్లాయప్పా, లోపల ఆ కిటికీ తెరువు నాయనా."

"ఏ కిటికీ?" అన్నాడు కుళ్లాయప్ప.

వీధి అవతల రామాంజినమ్మ దిగ్గున లేచింది. "ఏ కిటికీనా!"

నరసక్క చెయ్యి విదిలించుకొని నేరుగా వచ్చింది. తాత దూదంతా ఒక పక్కకు ఊడ్చుకొని, కాళ్లు ముడుచుకొని దారిచ్చాడు. "పో తల్లీ."

"నాకు జరగలేదే?" అన్నాడు కుళ్లాయప్ప. ఎవరూ పట్టించుకోలేదు.

వాడూ నేనూ గుమ్మంలోంచి తొంగి చూశాం. గది బోసిగా ఉంది. పక్క గోడలో కిటికీ ఉంది, తుప్పుపట్టిన గడియతో. పన్నెండేండ్లు దానికి అడ్డంగా కుర్చీలే. కుర్చీలు తీశాక దాని మీద శాటిన్ గుడ్డ కట్టాడు మహానుభావుడు. కుర్చీల వెనకున్నంత మేరా గోడ నీలం ఇంకా నిన్న సున్నం కొట్టినట్టే ఉంది. రామాంజినమ్మ రోకలి తెచ్చి గడియ మీద మూడు దెబ్బలు వేసింది. రెక్కలు తెరుచుకున్నాయి. ఎండా గాలీ ఒక్కసారే లోపలికొచ్చి, తాత దూది రెండు పింజెలు గది మధ్యకు లేచాయి.

ఆ కిటికీలోంచి వీధి మలుపు కనపడుతుంది.

"కొత్తలో ఈడనే కూచుంటాంటి," అందామె మా వైపు తిరగకుండా. "ఆ మలుపు కాడ నీ సైకిలు గంట వింటే పొయ్యి మీద ఎసరు పెడతాంటి. కుర్చీలు అడ్డం పెట్టినాంక నువ్వొచ్చేది తెలీదు, పొయ్యేది తెలీదు. మొగుడుండీ ఒక్కదాన్నే ఉన్నట్టుండేది. ఈ మాట నీకు ఎన్నిసార్లు చెప్పింటా?"

కుళ్లాయప్ప గడప ఇవతలే నిలబడ్డాడు. "చెప్పింటావు," అన్నాడు చిన్నగా. కళ్లలో నీళ్లు తిరిగాయి వాడికి.

అవి తుడుచుకొని అడిగాడు. "మరి ఇవన్నీ యాడ పెట్టాల తాతా?"

"నా కొట్టంలో పెట్టుకో," అన్నాడు తాత. "దానికి కిటికీ లేదు, నాకు పెండ్లాం లేదు."

నాలుగు గంటల బస్సు హారన్ కొట్టుకుంటూ పోయింది. రామాంజినమ్మ అప్పుడు పాత పెట్టెలోంచి తన ఆకుపచ్చ నేత చీర తీసి, పరుపుకు గలీబుగా సరిపోతుందా లేదా అని జానలతో కొలుస్తోంది. మిగిలిన ముక్క కిటికీకి కట్టింది. ఏకిన పరుపు రెండింతలు లేచింది. గొరవయ్య తన స్టీలు డబ్బా ఆమె చేతిలో పెట్టి, "ఏదో ఒగటి, శుభం," అని వెళ్లిపోయాడు.

సామానంతా లగేజీ ఆటోలో కొట్టానికి చేర్చేసరికి పొద్దు వాలింది. తాత తన విల్లు ఆ ఇంట్లోనే మరిచిపోయాడని, దానికోసం అందరం తిరిగి వస్తున్నాం. కుళ్లాయప్ప నడుపుతున్నాడు, పక్కన తాత, వెనక నేను. వాడి ప్రాణం కుదుటపడింది కదా, నోరు లేచింది.

"తాతా, ఇప్పుడు గది శానా బాగుంది. ఆ కిటికీ చుట్టూ సీరియల్ లైట్లు ఒక రెండు వరసలు వేస్తే ఎట్లుంటాది? పైన ఒక జాలరు, చిన్నదే..."

వీధి మలుపు వచ్చింది. తాత చెయ్యి చాపి హారన్ నొక్కాడు.

కిటికీలో ఆకుపచ్చ చీర ముక్క కదిలింది. రామాంజినమ్మ తల ఎత్తి చూసి, లోపలికి పోయింది. ఎసరు గిన్నెలో నీళ్లు పోసిన చప్పుడు వీధిలోకి వినపడింది.

కుళ్లాయప్ప ఇక లైట్ల మాట ఎత్తలేదు.