గంభీరుడి గాడి

అనగనగా ఒక అడవి ఉండేది, పిల్లలూ. దాని నడుమ పారే వాగు ఆ అడవిని రెండు గట్లుగా విడదీసింది. వానాకాలంలో వాగు నిండుగా పారేది. ఎండాకాలంలో ఎండిపోయి, చివరకు ఒక్క మడుగు మాత్రం మిగిలేది. ఆ మడుగులో ముందుగా దిగినవారికి తేటనీరు దక్కేది. తరువాత దిగినవారికి బురద దక్కేది.

ముందుగా ఎవరు దిగాలి? ఈ ఒక్క మాట మీద ఒకప్పుడు కొమ్ములు విరిగాయి, తోకలు తెగాయి. అందుకని రెండు గట్ల పెద్దలూ కూర్చుని ఒక పందెం ఏర్పరచారు. దాని పేరు కాయపందెం. ఎండిన సొరకాయ ఒకటి తెచ్చి మైదానం నడుమ పెడతారు. దానిని ఎదుటివారి గీత దాటించిన గట్టుకే ఆ ఏడాది తేటనీరు. అయితే కాయను ముందుకు విసరరాదు. ఎవరికి అందించినా వెనుకకే అందించాలి. కాయ పట్టుకున్నవారిని ఎదుటివారు కూలదోస్తే అది ఒక పట్టు. ఆరు పట్లు పడితే కాయ ఎదుటివారికి ఇచ్చివేయాలి. పొద్దు గుంకేలోగా ఎవరూ గీత దాటకపోతే, నిరుడు గెలిచినవారికే మళ్లీ తేటనీరు.

ఇవతలి గట్టు జట్టులో కాయ అందించే పని చెంగలి అనే కుందేలుది. ఆమె ఎదుటివారి వైపు ముఖం పెట్టి నిలబడి, వెనుక కాళ్లతో ఒక్క తన్ను తన్నేది. వెనుక నుండి పరుగెత్తి వచ్చేవారి నోటికి కాయ సరిగ్గా అందేది. అంత నేర్పు ఆ అడవిలో మరెవరికీ లేదు. జట్టు నాయకుడు గంభీరుడనే అడవిదున్న.

ఒక ఏడు గంభీరుడు కాయ కరచుకుని, మైదానం ఎడమ అంచున పరుగెత్తి గీత దాటాడు. అంతకు ముందు ఆ వైపు ఎవరూ పరుగెత్తలేదు గనుక అక్కడ కాపలా లేదు. ఇవతలి గట్టు గెలిచింది. మరుసటి ఏడు కూడా అతడు ఆ దారినే వెళ్లి, ఎలాగో కొమ్ములు అడ్డం పెట్టి నెగ్గాడు. దానితో ఆ దారికి పసుపు పూశారు, పూలు చల్లారు. పరుగుకు ముందు గంభీరుడు "దారి ఏది?" అని అడగడం, జట్టంతా "ఎడమదారి" అని బదులు పలకడం ఆచారమైపోయింది. కొన్నాళ్లకు అవతలి గట్టువారు కూడా మర్యాద కోసం గొంతు కలపసాగారు.

మూడో ఏడు ఓడిపోయారు. గంభీరుడు ఆలోచించి, "వేగం చాలలేదు" అన్నాడు. నాలుగో ఏడు మహా వేగంగా పరుగెత్తి, అంతే వేగంగా ఓడిపోయాడు. "రంకె చాలలేదు" అన్నాడు. ఐదో ఏడు కొండలు మారుమోగేలా రంకె వేసి ఓడిపోయాడు. అప్పుడు చలికాలమంతా ఆలోచించి, "దారికి లోతు చాలలేదు" అన్నాడు.

"లోతెందుకన్నా?" అని చెంగలి అడిగింది.

"గాడి లోతుగా ఉంటే నేను వాళ్లకు కనబడను."

ఈ మాట అందరికీ ఎంతో సమంజసంగా తోచింది. ఎలుగుబంటి బూచక్క గోళ్లతో తవ్వింది. ముళ్లపంది సూదయ్య మన్ను ఎత్తిపోశాడు. వేసవి వచ్చేసరికి, గాడిలో దిగిన గంభీరుడి కొమ్ముల కొనలు కూడా పైకి కనబడడం మానేశాయి. ఆ గాడి ఎక్కడ మొదలై ఎక్కడ తేలుతుందో మాత్రం అడవిలో చీమలకు కూడా తెలుసు.

ఆ ఏడు వానలు మొహం చాటేశాయి. మడుగు పరచిన చాపంత మిగిలింది. ఈసారి తరువాత దిగినవారికి బురద కూడా దక్కదని అందరికీ అర్థమైంది. చెంగలికి అప్పుడే పుట్టిన పిల్లలు ముగ్గురు. కొండ అవతల మరో చెరువు ఉందని చెప్పుకునేవారు గాని, ఆ పసికందులు అంత దూరం పోలేవు. పందెం నాటి ఉదయం ఆమె వాటిని గడ్డిపొదలో దాచి, నాలుకతో ముఖాలు తుడిచి మైదానానికి వచ్చింది.

పందెం మొదలైంది.

"దారి ఏది?" అన్నాడు గంభీరుడు.

"ఎడమదారి" అన్నారు రెండు జట్లవారూ.

చెంగలి తన్నింది. గంభీరుడు కాయ కరచుకుని గాడిలో దిగాడు. బూచక్క నిలబడి చూసింది. సూదయ్య నిలబడి చూశాడు. గాడిలో నుండి దుమ్ము పైకి లేచింది. నోట బోలుకాయ ఉన్నందున రంకె ఈలలాగా వినబడింది. గాడి తేలే చోట అవతలి గట్టు జట్టంతా గుండ్రంగా కూర్చుని చింతచిగురు తింటోంది. వారి నాయకుడు తీరికయ్య అనే కొండముచ్చు గాడిలోకి వంగి చూశాడు.

"మెల్లగా రా బావా," అన్నాడు. "దుమ్ము లేపకు. తింటున్నాం."

గంభీరుడు తల పైకెత్తగానే దుప్పులూ రేచుకుక్కలూ కొండముచ్చులూ కలిసి అతడి మీద కూర్చున్నారు. ఒక పట్టు పడింది. లేచి, దులుపుకుని, మళ్లీ చిగురు తినసాగారు. అలాగే ఆరు పట్లూ పడ్డాయి. కాయ చేతికి వచ్చినా అవతలి గట్టువారు పెద్దగా ఆశపడలేదు. నాలుగేసి అడుగులు వేసి, ఆరుసార్లూ బూచక్క చేతికి చిక్కి, కాయ తిరిగి ఇచ్చివేశారు. పొద్దు గుంకితే చాలు, నీరు వారిదే.

మధ్యాహ్నం అందరూ నీడకు చేరారు. చెంగలి మాత్రం తీరికయ్య దగ్గరకు వెళ్లింది. అతడు ఒక పిల్ల కొండముచ్చుకు పేలు చూస్తున్నాడు.

"తీరికయ్య మామా, పొద్దుటి నుండి చూస్తున్నాను. మీరు మైదానం వైపు వీపు పెట్టి కూర్చున్నారు. మేమంటే అంత చులకనా?"

"చులకన కాదమ్మా," అన్నాడు తీరికయ్య, పేను మీద నుండి చూపు తిప్పకుండా. "నువ్వు కాయ అతడికే ఇస్తావు. అతడు గాడిలోనే వస్తాడు. బూచమ్మ నిలబడి చూస్తుంది, సూదయ్య నిలబడి చూస్తాడు. నిలబడ్డవాళ్లకు కాపలా ఎందుకు? కళ్లు నొప్పి తప్ప."

చెంగలి తిరిగి వచ్చేటప్పుడు ఆమె చెవులు రెండూ వాలిపోయాయి. ఇన్నేళ్లూ తప్పు గంభీరుడిదే అనుకుంది. తన కాళ్లు కూడా ఆలోచించకుండా ఎడమకే తన్నుతున్నాయని ఇప్పుడు తెలిసింది.

"అన్నా," అంది గంభీరుడితో. "ఈసారి కాయ నీకు కాదు, బూచక్కకు ఇస్తాను. నువ్వు మాత్రం ఎప్పటిలాగే పరుగెత్తు."

"నాకు కాయ ఇవ్వకుండా పరుగెత్తమంటావా? పెళ్లికొడుకు లేని ఊరేగింపా చెల్లీ?"

"ఊరేగింపు ఏటేటా చేస్తూనే ఉన్నాం గదా తమ్ముడూ," అంది బూచక్క వీపు గోక్కుంటూ. "పెళ్లే జరగడం లేదు."

గంభీరుడు ముఖం ముడుచుకున్నాడు గాని, కాదనలేదు.

ఎండ తగ్గాక మళ్లీ బరిలో దిగారు. మొదటిసారి అందరూ కదిలారు. సూదయ్య నాలుగడుగులు పరుగెత్తి, ఆగి, గట్టిగా అడిగాడు. "చెంగలమ్మా, కాయ బూచక్కకే గదా? నేను రాకపోయినా పరవాలేదు గదా?"

"చాలా సంతోషం సూదయ్యా," అన్నాడు తీరికయ్య. అందరూ వెళ్లి బూచక్క మీద కూర్చున్నారు.

రెండోసారి కాయ సూదయ్యకు ఇస్తానని చెంగలి చెవిలో చెప్పింది. ఈసారి గంభీరుడు చేసిన పని చూడండి. మామగారింట అలిగిన అల్లుడిలాగా గాడిలో దిగి, మెల్లగా నడుస్తూ, ఒక నిట్టూర్పు లాంటి రంకె వేశాడు.

"రంకె శుభ్రంగా ఉంది," అన్నాడు తీరికయ్య చెవి ఒగ్గి. "నోట కాయ లేదు. వదిలేయండి."

సూదయ్య రెండడుగులు వేయకముందే ఒక దుప్పి ఎదురు నిలిచింది. కాయ అందుకోవడానికి కూడా వీలు లేకపోయింది. అలా ప్రయత్నాలు తప్పుతూ, కాయ చేతులు మారుతూ, చివరకు ఇవతలి గట్టువారి దగ్గరకు వచ్చింది. పొద్దు కొండను తాకింది. ఒక్క పట్టు మాత్రమే మిగిలింది.

చెంగలి అందరినీ దగ్గరకు పిలిచింది.

"ఎవరికిస్తావో ముందు చెప్పు," అన్నాడు గంభీరుడు.

"చెప్పనన్నా. చెబితే తక్కినవాళ్లు పరుగెత్తడం లేదు. అసలు నాకే తెలియదు. నా ముఖం వాళ్ల వైపు ఉంటుంది. వాళ్లు ఎవరిని విడిచిపెడితే కాయ వారిది. నీకే రావచ్చు."

"రాకపోతే?"

"వచ్చినట్టే పరుగెత్తు. నా పిల్లలు కొండ దాటలేరు."

గంభీరుడు చాపంత మడుగు వైపు చూశాడు. ఆ తరువాత తన చోటికి వెళ్లి నిలబడ్డాడు. ఈసారి అతడు "దారి ఏది?" అని అడగలేదు. బదులు పలకడానికి నోళ్లు తెరిచిన అవతలి గట్టువారు, ఏమనాలో తోచక, అలాగే ఉండిపోయారు.

పరుగు మొదలైంది. చెంగలి వెనుక నేల అదిరింది. ఎడమ నుండి గంభీరుడు, నడుమ బూచక్క, కుడి నుండి సూదయ్య, ముగ్గురూ కాయ తమదే అన్నట్టు వస్తున్నారు. చెంగలి కాలు అలవాటుగా ఎడమకు లేచింది. అప్పుడు ఆమె ఎదుటివారి కళ్లు చూసింది. సగం గాడి వైపు, సగం బూచక్క వైపు ఉన్నాయి. ఆమె కాలు బిగబట్టింది.

గంభీరుడు నోరు తెరుచుకుని ఆమె పక్కకు వచ్చాడు. కాయ రాలేదు. అతడి దవడలు ఖాళీగా మూతపడ్డాయి. ఒక్క క్షణం అతడు తడబడ్డాడు. అక్కడే ఆగి ఉంటే ఈ కథ ఇంకొక విధంగా ముగిసేది, పిల్లలూ. అతడు ఆగలేదు. బుగ్గలు రెండూ పూరించి, మూతి బిగించి, పిడుగులాగా గాడిలో దూకాడు. రంకెకు బదులు ముక్కుతో ఒక ఈల వేశాడు.

"ఈల వినబడింది. కాయ ఇతడి దగ్గరే," అని తీరికయ్య గాడి వైపు ఉరికాడు. జట్టంతా వెంట ఉరికింది.

చెంగలి కుడికి తన్నింది. కాయ గాలిలో తేలి వెళ్లి, ఇంకా వెనుకే ఉన్న సూదయ్య వీపు మీద ముళ్లకు గుచ్చుకుంది. ఆ సంగతి సూదయ్యకు తెలియదు. కాయ ఇంకెవరికో పోయిందనుకున్నాడు. అయినా ఆగలేదు. పొట్టి కాళ్లతో, జన్మలో ఎన్నడూ పరుగెత్తనంత పరుగెత్తి, ఎదురెవరూ లేని మైదానమంతా దాటి, గీత దాటి, అటు తిరిగి ఆయాసపడుతూ అడిగాడు.

"కాయ ఎవరి దగ్గరుందమ్మా?"

"నీ వీపు మీద," అంది బూచక్క.

సూదయ్య వీపు చూసుకోవడానికి గుండ్రంగా తిరగసాగాడు. పొద్దు గుంకింది.

గాడి చివర మాత్రం పందెం ఇంకా జరుగుతూనే ఉంది. గంభీరుడి మీద అవతలి గట్టు జట్టంతా కూర్చుంది. తీరికయ్య రెండు చేతులతో అతడి దవడలు లాగుతున్నాడు.

"నోరు తెరు బావా."

గంభీరుడు తల అడ్డంగా ఊపాడు.

"మింగాడేమో. కడుపు నొక్కి చూడండి," అంది ఒక రేచుకుక్క. కడుపు నొక్కారు. చెవులలో చూశారు. ఒక దుప్పి తోక ఎత్తి కూడా చూసింది. చెంగలి వెళ్లి, "పందెం అయిపోయింది, వదిలేయండి మామా" అని చెప్పినా నమ్మినవారు లేరు. చివరకు గంభీరుడే నోరు తెరిచాడు. అందులో గాలి తప్ప ఏమీ లేదు.

ఆ సాయంకాలం ఇవతలి గట్టువారు మడుగు చేరారు. "లోపలికి దిగకండి," అన్నాడు గంభీరుడు. "ఒడ్డున నిలబడి తాగండి. కలచకపోతే అవతలివాళ్లకూ నీరు మిగులుతుంది." చెంగలి పిల్లలు ముగ్గురూ ముందుగా తాగారు. వారి మూతులు తడిసి మెరిశాయి. ఆ తరువాత గంభీరుడు ఒంటి నొప్పులతో మోకాళ్ల మీద వంగాడు.

"కాయ ఇవ్వలేదని కోపమా అన్నా?" అని చెంగలి అడిగింది.

గంభీరుడు నీళ్లు తాగి, మూతి పైకెత్తాడు.

"లేదు చెల్లీ," అన్నాడు. "కాయ మోసిన రోజుల్లో నన్ను చూసి చింతచిగురు తిన్నారు. మోయని రోజున కడుపు కూడా నొక్కి చూశారు."

నీతి: ఒకే దారినీ ఒకే వీరుణ్ణీ నమ్ముకున్న జట్టుకు కాపలా కాయడం సులువు, ఫలం తనకు దక్కకున్నా దక్కినట్టే పరుగెత్తేవారున్న జట్టును ఆపడం ఎవరి తరమూ కాదు.