కెజియా చెప్పిన ఆమేన్

దేవుడు మీకిచ్చిన వరమేమిటో రాయండని ఎవరైనా కాగితం, పెన్నూ చేతిలో పెడితే ఏం రాస్తారు? నిజం చెప్పండి, ముందు పక్కవాళ్ళ కాగితంలోకి తొంగి చూడరూ?

కెజియా చూసింది. సముద్రం ఒడ్డున సరుగుడు తోటలో పిల్లల క్రైస్తవ శిబిరం అది. నూట ఇరవై మంది పిల్లలు, వాళ్ళకు సేవ చేయడానికి వచ్చిన పదిహేను మంది పెద్దలు. మొదటి రోజు అయ్యగారు పెద్దలకి పంచిన కాగితాల్లో పద్నాలుగింటి మీద ప్రార్థన, వాక్యం, పాట అని నిండుగా రాసి ఉంది. కెజియాది ఒక్కటే ఖాళీ. ఆమెకున్నదల్లా గొంతు. వాళ్ళమ్మ మార్తమ్మ వీధి వీధీ తిరిగి చేపలమ్ముతుంది. ఆ కేక ఉన్నదున్నట్టు కూతురికి దిగింది. క్వైర్‌లో చేరిన రోజే, "నువ్వు పెదాలు కదిపితే చాలు తల్లీ, శబ్దం మాత్రం రానీయకు" అని బతిమాలుకున్నారు.

మూడో రోజుకి సంచి సర్దుకుని, శిబిరం నడిపే ఆ నతానియేలు అయ్యగారి ముందు నిలబడింది. "అయ్యగారూ, ఏ వరమూ లేనిదాన్ని, నేనిక్కడ ఎందుకండీ? రెండు గంటల బస్సుకి వెళ్ళిపోతాను."

ప్రశ్న అడిగినవాళ్ళకి జవాబు చెప్పే అలవాటు అయ్యగారికి లేదు; పని చెప్పే అలవాటే. "అన్నం పెట్టకుండా ఎవర్నీ పంపనమ్మా. అందాకా ఈ మజ్జిగ బకెట్టు పట్టుకుని ముందు వరుస దగ్గర నిలబడు."

ఆ పూట భోజనానికి ప్రార్థన చేసే వంతు గమలీయేలు గారిది. వేదాంతం చదువుకున్న మంచి మనిషి. ఎక్కడ ఆపాలో ఒక్కటే ఎవరూ నేర్పలేదు. సృష్టితో మొదలుపెట్టారు. నోవహు ఓడలోకి జంతువులన్నీ ఎక్కేసరికి పప్పు మీద తెట్టు కట్టింది. ఐగుప్తు చేరేసరికి సముద్రపు గాలికి అప్పడాలు మెత్తబడ్డాయి. ప్రార్థనకి అడ్డుపడే ధైర్యం ఎవరికుంటుంది? పెద్దలు కళ్ళు ఇంకాస్త గట్టిగా మూసుకున్నారు, అంతే.

కెజియా కళ్ళు మాత్రం తెరిచే ఉన్నాయి, బకెట్టు ఒలికిపోతుందేమోనని. ముందు వరుసలో ఏడేళ్ళ పిల్ల ఒకతె మొహం పాలిపోయి, ఖాళీ ప్లేటు మీదికి తూలుతోంది. అటు గమలీయేలు గారి ప్రార్థనలో ఎర్ర సముద్రం రెండు పాయలైంది. ఆయన ఊపిరి తీసుకోవడానికి ఒక్క క్షణం ఆగారు.

"ఆమేన్!"

సరుగుడు కొమ్మల మీది కాకులు ఒక్కసారిగా లేచిపోయాయి. వెనకే నూట ఇరవై గొంతులు "ఆమేన్!" అన్నాయి. గరిటెలు కదిలాయి. ఆ పిల్ల నోటికి మజ్జిగ గ్లాసు అందించాక గానీ, తనేం చేసిందో కెజియాకి తెలిసిరాలేదు. అయ్యో, ఇశ్రాయేలీయులు ఇంకా సముద్రం మధ్యలోనే ఉన్నారు!

సంచి తీసుకుని జారుకుందామనుకునేంతలో గమలీయేలు గారే ఎదురొచ్చారు. ఆమె సంచి వీపు వెనక దాచుకుంది. ఆయన అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి, "బతికించావమ్మా! ఎక్కడ ఆపాలో తెలియక ఐగుప్తు దగ్గర్నుంచీ దారి వెతుక్కుంటున్నాను," అనేసి అన్నం గిన్నె వైపు దాదాపు పరుగెత్తారు.

అయ్యగారు తీరిగ్గా మజ్జిగ తాగి, జేబులోంచి ఆ ఖాళీ కాగితమూ పెన్నూ తీసి ఆమె ముందు పెట్టారు.

"ప్రార్థన మొదలుపెట్టే వరం ఇక్కడ పద్నాలుగు మందికి ఉందమ్మా," అన్నారు. తర్వాత ఖాళీ గ్లాసు కింద పెడుతూ, "రాత్రి భోజనానికి గమలీయేలు గారి తమ్ముడి వంతు."

రెండు గంటల బస్సు హారన్ కొట్టుకుంటూ వెళ్ళిపోయింది. కెజియా సంచి మళ్ళీ మేకుకే ఎక్కింది.

మీ కాగితమూ ఖాళీయేనా? అయితే లేవండి. వచ్చి బకెట్టు పట్టుకోండి.