వాసన లేని చొక్కా

కాశింపీరా ఎత్తుకుంటే చాలు, కూతురు ఏడ్చేది.

ఆ పిల్ల ఎవరి దగ్గరికైనా పోతుంది. గాజులమ్మే ఆమె ఎత్తుకుంటే కిలకిలా నవ్వింది. పక్కింటి ముసలాయన గడ్డం పట్టుకుని ఆడుకుంది. కన్నతండ్రి చేతుల్లోకి వచ్చేసరికి మాత్రం ఒళ్లంతా వెనక్కి వంచి, ముఖం అటు తిప్పుకుని, ఇల్లు పీకి పందిరేసేది. పాలు తాగే పిల్లకు తన మీద ఏం కోపం ఉంటుందో కాశింకు అంతుపట్టేది కాదు. పైకి నవ్వేసేవాడు గానీ లోపల ప్రాణం ఉసూరుమనేది.

విచిత్రం ఏమిటంటే, ఆ వీధిలో కాశిం చెయ్యి పడితే బాగుండునని ఎదురుచూడని ఇల్లు లేదు. అతను కొండ మీద తకియాలో, అంటే ఫకీర్ల మఠంలో, ఉండే హజ్రత్ అమీరుల్లా షా గారి శిష్యుడు. హజ్రత్ దగ్గర రెండు విద్యలు నేర్చుకోవచ్చు. ఒకటి దేవుణ్ణి తలచుకోవడం, రెండోది ఆకుల్లోంచి, పూలల్లోంచి, వేళ్లలోంచి నూనె తీయడం. మొదటిది ఎంతవరకు వచ్చిందో కాశిం ఎప్పుడూ చెప్పుకోలేదు. రెండోది మాత్రం అతనికి పిచ్చి పట్టినట్టు పట్టుకుంది.

రాగి బానలో ఆకు కూరి, నీళ్లు పోసి, మూత చుట్టూ బంకమట్టి మెత్తి, కింద మంట పెడితే, ఆవిరి వెదురు గొట్టంలోంచి పోయి నీళ్లతొట్టిలో ఉన్న చెంబులో చల్లబడుతుంది. ఆ నీటి మీద పలచగా నూనె తేలుతుంది. అది తేలిన ప్రతిసారీ కాశిం మొదటిసారి చూసినట్టే గంతులేసేవాడు. ఇంత గడ్డిలో ఇంత నూనె దాక్కుని ఉందా అని దారిన పోయేవాళ్లను కూడా పిలిచి చూపించేవాడు.

ఇంట్లో అతను చేయని ప్రయోగం లేదు. తల్లి పీరమ్మ మోకాళ్లకు నువ్వుల నూనెలో నీలగిరి నూనె కలిపి మర్దనా చేస్తే, ఆమె గోడ పట్టుకోకుండా లేవడం మొదలుపెట్టింది. ఇల్లు తుడిచే నీళ్లలో నిమ్మగడ్డి నూనె చుక్కలు వేస్తే దోమలు తగ్గాయి. భార్య మాబున్నికి తలనొప్పి వస్తే మరువం, ఎండలు ముదిరితే వట్టివేళ్లు, తమ్ముడి పంటి పోటుకు లవంగం. పాలు తాగే పిల్లలకు ఏ నూనే పూయొద్దని హజ్రత్ మొదటి రోజే చెప్పారు. కాశిం ఆ మాట జవదాటలేదు. కూతురి ఒంటి మీద ఒక్క చుక్క పడనివ్వలేదు.

అయినా పిల్ల ఏడుపు ఆగలేదు. నిద్ర కూడా తగ్గిపోయింది. కునుకు పట్టేలోపు ఉలిక్కిపడి లేచేది.

ఆ రోజు తెల్లవారుతుండగా కాశిం తకియాకు బయల్దేరుతుంటే మాబున్ని గడప దగ్గర నిలబడి, రేపు పొద్దున బస్సుకు పిల్లను తీసుకుని అమ్మగారింటికి పోతానంది. ఆమె గొంతులో కోపం లేదు. అదే కాశింను భయపెట్టింది.

"మళ్లెప్పుడు వస్తావు?" అన్నాడు.

"పిల్ల ఎప్పుడు నిద్రపోతే అప్పుడు."

కొండెక్కేటప్పుడు కాళ్లు ఈడ్చుకుంటూ ఎక్కాడు. కానీ కాశిం ఎంతసేపని దిగులుగా ఉండగలడు? సగం దారిలోనే అతని బుర్ర పరుగందుకుంది. నిన్న కోసి నీడలో ఆరేసిన దవనం తకియాలో నూనె తీసే కొట్టంలో సిద్ధంగా ఉంది. దవనం మనసును జోకొడుతుందని అందరూ అంటారు. పిల్లకు పూయకూడదు, సరే. ఉయ్యాల తాడుకు దూది కట్టి, ఆ దూది మీద చుక్క వేస్తే? వాసన గాలిలో కలిసి తగులుతుంది, పిల్ల హాయిగా నిద్రపోతుంది, తను తీసిన దవనం తన కూతుర్ని తన ఇంట్లోనే నిలబెడుతుంది. చివరి మలుపు దగ్గరికి వచ్చేసరికి అతను పరుగెడుతున్నాడు.

మంట ఎక్కువైతే నూనె మాడు వాసన వస్తుంది, తక్కువైతే అసలు దిగదు. కాశిం బాన పక్కనుంచి కదల్లేదు. మూత మట్టి బీటలిచ్చిన చోటల్లా మెత్తాడు. తొట్టిలో నీళ్లు వెచ్చబడితే కొత్త నీళ్లు తోడి పోశాడు. మధ్యాహ్నం దాటాక చెంబు తీసి చూస్తే, నీటి మీద ముదురు తేనె రంగులో నూనె తేలి ఉంది. అంత రంగు ఆ కొట్టంలో అతను ఎప్పుడూ చూడలేదు. జాగ్రత్తగా చిన్న సీసాలోకి ఎత్తి, హజ్రత్ దగ్గరికి ఉరికాడు.

ఇక్కడ తకియా పద్ధతి ఒకటి చెప్పాలి. కొత్త నూనె దిగినప్పుడు దాని మంచిచెడ్డలు చూసేవాళ్లు ముందు బావి దగ్గర స్నానం చేసి, విడిగా ఒక గదిలో కొయ్యకు తగిలించి ఉండే ముతక నూలు చొక్కా తొడుక్కోవాలి. ఆ చొక్కాను కుంకుడు రసంతో ఉతికి ఎండలో ఆరేస్తారు తప్ప దానికి ఏ వాసనా తగలనివ్వరు. అది తొడుక్కుని కాసేపు గాలికి నిలబడ్డాకే సీసా మూత తీయాలి. హజ్రత్ ఈ వయసులోనూ అది తప్పరు. కాశిం మాత్రం ఎప్పుడో మానేశాడు. తన ముక్కు మీద తనకు అంత నమ్మకం. హజ్రత్ అతన్ని ఒక్కసారీ మందలించలేదు.

హజ్రత్ వరండాలో కూర్చుని ఉన్నారు. ఒళ్లో మచ్చల పిల్లి పడుకుని ఉంది. కాశిం దగ్గరికి రాగానే ఆ పిల్లి ఎప్పటిలాగే లేచి, ఒక తుమ్ము తుమ్మి, గోడెక్కి కూర్చుంది. దానికి తనంటే అసూయ అని కాశిం చాలాకాలంగా అనుకుంటున్నాడు.

హజ్రత్ స్నానం చేసి, చొక్కా తొడుక్కుని, గాలికి నిలబడి వచ్చేదాకా కాశిం ఒంటికాలి మీద నిలబడ్డట్టు నిలబడ్డాడు. ఆయన సీసా మూత తీసి కళ్లు మూసుకున్నారు. చాలాసేపు తెరవలేదు.

"మా గురువు పోయినాక ఇంత మంచి దవనం నేను చూల్లేదు నాయనా" అన్నారు.

కాశింకు ఆనందం పట్టలేక నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. గుక్కతిప్పుకోకుండా అన్నీ చెప్పేశాడు. పిల్ల ఏడుపు, మాబున్ని మాట, రేపటి బస్సు, ఉయ్యాల తాడు, దూది. చెప్పి, సీసా కోసం చెయ్యి చాపాడు.

హజ్రత్ సీసాకు మూత బిగించి అలమరలో పెట్టారు.

"నీ అరచెయ్యి వాసన చూడు. ఏముంది?"

కాశిం చూశాడు. "ఏమీ లేదు హజ్రత్."

ఆయన గోడ మీది పిల్లి వైపు ఒకసారి చూశారు. లోపలికి వెళ్లి తన చొక్కా తొడుక్కుని వచ్చి, ఆ నూలు చొక్కాను కాశిం చేతిలో పెట్టారు.

"స్నానం చేసి ఇది తొడుక్కో. పోయి ఆ బండ మీద కూర్చో. పిల్లి నీ దగ్గరికి వచ్చినాక ఇంటికి పో."

కాశింకు ఒళ్లు మండింది. తను అడిగిందేమిటి, ఈయన చెప్పేదేమిటి? పొద్దు చూస్తే వాలిపోతోంది. గురువు ముందు గొంతు పెంచలేక, పిల్లి రాకపోతే ఏం చేయాలని మాత్రం అడిగాడు. రాకపోతే ఇంకోసారి స్నానం చేయమన్నారు ఆయన, నవ్వకుండా.

బావి దగ్గర నాలుగు చేదలు గబగబా గుమ్మరించుకుని, చొక్కా తొడుక్కుని, బండెక్కి కూర్చున్నాడు. పిల్లి గోడ దిగింది. బండ దాకా వచ్చింది. మూతి ముందుకు చాపి, తుమ్మి, వెనక్కి తిరిగింది. కాశిం దాన్ని నోటికొచ్చినట్టు తిట్టాడు. మళ్లీ బావి దగ్గరికి పోయి ఈసారి శనగపిండితో ఒళ్లు రుద్దుకున్నాడు, కుంకుడుకాయలు కొట్టి తల రుద్దుకున్నాడు.

మళ్లీ వచ్చి కూర్చున్నాడు. కొండ మీద గాలి తిరిగింది. కాసేపటికి ఎక్కడినుంచో రొట్టె కాలుతున్న వాసన వచ్చింది. కాశిం తల ఎత్తాడు. కింద ఊళ్లో ఎవరో జొన్నరొట్టె మాడబెట్టారు. ఆ వెంటనే మేకల దొడ్డి వాసన, తడిసిన బండ వాసన, దూరంగా ఎక్కడో వాన పడ్డ మట్టి వాసన. ఇవన్నీ రోజూ ఇక్కడే ఉన్నాయా? ఇన్నాళ్లూ ఎవరో మూసిన తలుపు తెరిచినట్టయింది. ఆ ఉత్సాహంలోనే అరచెయ్యి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

నీలగిరి. దాని కింద నిమ్మగడ్డి. దాని కింద లవంగం, దవనం, ఏవేవో. అంత రుద్దినా పోలేదు, గోళ్ల సందుల్లో కూర్చుని ఉన్నాయి. ముక్కు భగ్గుమని, కాశిం కూడా అచ్చం ఆ పిల్లిలాగే తుమ్మాడు.

ఎవరూ చెప్పకుండానే లేచి బావి దగ్గరికి పరుగెత్తాడు. పొయ్యిలో బూడిద తెచ్చి వేళ్లు తోముకున్నాడు. కొబ్బరి పీచుతో గోళ్లు తోముకున్నాడు. చొక్కాను కూడా ఒకసారి నీళ్లలో జాడించి, బాగా పిండి, తడిదే తొడుక్కున్నాడు. బండ మీద కూర్చుంటే ఒంటి మీదే ఆరింది.

పొద్దు కొండ అంచుకు దిగుతుండగా ఒళ్లో ఏదో బరువు పడింది. చూస్తే పిల్లి. రెండుసార్లు గుండ్రంగా తిరిగి, ముడుచుకుని, కళ్లు మూసుకుంది. దాన్ని లేపడానికి కాశింకు మనసొప్పలేదు. కానీ రేపటి బస్సు గుర్తొచ్చి, దాన్ని మెల్లగా బండ మీద దించి, కొండ దిగువకు దౌడు తీశాడు.

ఇంట్లో మాబున్ని బట్టల మూట కట్టేసి ఉంది. పీరమ్మ ఒళ్లో పిల్ల రాగం తీస్తోంది. కాశిం వంగి కూతుర్ని ఎత్తుకున్నాడు.

పిల్ల అలవాటుగా ఒళ్లు విరిచింది. నోరు తెరిచింది. కాశిం కళ్లు గట్టిగా మూసుకున్నాడు.

ఏడుపు రాలేదు.

చిన్న ముక్కు అతని మెడకు తగిలింది. అక్కడే ఆగి, కుక్కపిల్లలా రెండుసార్లు గట్టిగా పీల్చింది. తర్వాత ఒక పిడికిలి చొక్కాను పట్టుకుంది. విల్లులా బిగిసిన ఒళ్లు మెల్లగా వదులైంది. భుజం మీద కాస్త పాలు కక్కి, చొంగ కార్చి, అక్కడే చెంప ఆనించి నిద్రపోయింది. కూర్చుంటే లేస్తుందేమోనని కాశిం ఉన్నచోటే గుంజలా నిలబడిపోయాడు. కళ్లలోంచి నీళ్లు కారుతున్నా తుడుచుకోలేదు.

మాబున్ని నమ్మలేనట్టు దగ్గరికి వచ్చింది.

"ఏం నూనె పూసుకోనొచ్చినావు?" అని గుసగుసగా అడిగింది.

కాశిం తల అడ్డంగా ఊపాడు. ఆమె ఇంకా దగ్గరికి వచ్చి, పిల్ల పడుకోని రెండో భుజం మీద ముఖం ఆనించింది. ఊపిరి నిండా వాసన పీల్చింది.

"ఓ, నువ్వా" అంది, ఎక్కడికో పోయి చాలా రోజులకు తిరిగొచ్చిన మనిషితో అన్నట్టు.

పొద్దున బస్సు వాళ్ల వీధి చివర ఆగి, ఎవరూ ఎక్కకపోతే వెళ్లిపోయింది.

కాశిం చొక్కా తీసుకుని కొండెక్కాడు. బావి దగ్గర కుంకుడుకాయలు నానబెడుతుంటే హజ్రత్ వచ్చి, చొక్కా అందుకుని ముఖానికి దగ్గరగా పెట్టుకున్నారు. భుజం దగ్గర పాల మరక ఎండి అట్టకట్టి ఉంది. నిన్న దవనం చూసినప్పటికంటే ఎక్కువసేపు కళ్లు మూసుకుని ఉన్నారు.

తర్వాత దాన్ని మడతపెట్టి, తిరిగి కాశిం చేతుల్లోనే పెట్టారు.

"ఇది ఉతకొద్దు. తకియాకు ఇంకోటి కుట్టించు."