ఆగకుండా మోగిన గంట

వాగుకు ఇవతల తుమ్మచెట్ల బీడులో కొన్ని జంతువులు కలిసి బతికేవి. వాటిలో పెద్ద మైలయ్య అనే ఎద్దు. ఒంటి నిండా బూడిదరంగు మచ్చలు, మెడ మీద కాడి రాసిన కాయలు. వయసులో ఉండగా ఎంత బరువు లాగాడో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఇప్పుడు కుడి కంటిని పొర కమ్మేసింది, ముందు మోకాలు మడతపడదు. పోయిన వానల్లో వాగు వాలులో జారిపడి, సగం పూట లేవలేకపోయాడు. ఆ రోజే అందరూ మాట్లాడుకుని, ఆయన్ని నీళ్లకు తీసుకెళ్లే పని బొల్లికి అప్పజెప్పారు.

బొల్లి మేకపిల్ల ఈడు దాటిన పడుచు మేక. ఒక్కచోట నిలవలేని ప్రాణం. అలాంటి దాని మెడలో గంట కట్టారు. ముందు బొల్లి, వెనక మైలయ్య. మూడడుగులు వేసి బొల్లి ఆగాలి. ముందున్న నేలను డెక్కతో తొక్కి చప్పుడు చేయాలి. గట్టి నేల చప్పుడు వేరు, మెత్తని నేల చప్పుడు వేరు. అది విన్నాకే పెద్దాయన కాలు కదిపేవాడు. మేక ఒక పరుగులో పోయొచ్చే దారి, అలా నడిస్తే సగం పూట పట్టేది.

"నీ ఓపికకు దండం పెట్టాలే బొల్లీ," అనేది మడుగులో పడుకున్న నల్లమ్మ గేదె. "ఎంత పుణ్యమో."

'రేపొక్క రోజు ఆ పుణ్యం నువ్వు కట్టుకోరాదా అత్తా' అని బొల్లికి నోటిదాకా వచ్చేది. అడిగితే చేతకానిదనుకుంటారని మింగేసేది. కొండ మీద చిగురు రుచి చూసి నెల దాటింది. డొక్కలు లోపలికి పోయాయి. ఒకరోజు వాలులో పెద్దాయన నిలబడి రొప్పుతుంటే, 'ఈయన ఇక్కడే కూలబడితే రేపటి నుంచి నాకీ తిప్పలుండవు' అనిపించింది. అనిపించినందుకు సిగ్గుపడి ఆ పూట మేత ముట్టలేదు. ఎవరికీ చెప్పనూ లేదు.

ఎవరికీ చెప్పకపోయినా నక్క కనిపెట్టింది. నక్కలు అలసటను వాసన పడతాయి.

"ఏం మరదలా, తోలూ ఎముకలూ మిగిలావు," అంది దూరంగా నిలబడి.

"నా ఎముకలతో నీకేం పని బావా?"

"భయపడకు. నిన్ను పట్టాలంటే నీ కొమ్ములకు జవాబు చెప్పుకోవాలి. నాకంత ఓపిక లేదు. ఆ గంట ఇటివ్వు. ఒక్క పూట పెద్దాయన్ని నేను నడిపిస్తా, నువ్వు కొండెక్కి నాలుగు ఆకులు కొరికిరా."

"తాత కనిపెడతాడు."

"పెట్టనీ. ఎడమ కన్ను బాగానే ఉందిగా. నేను నచ్చకపోతే రాడు. అంత ఎద్దును నేనేమన్నా ఈడ్చుకుపోతానా?"

ఆ మాట బొల్లికి సబబుగా తోచింది. సబబుగా తోచాలని దానికీ ఉంది. నక్క నక్కేనని తెలుసు. తెలిసీ, పక్కకు చూస్తూ తల వంచి, గంట తాడు జార్చింది.

కొండ మీద చిగురు నోట్లో వెన్నలా కరిగింది. మూడో కొమ్మ అందుకునేసరికి కింద నుంచి గంట వినిపించింది. బొల్లి నమలడం ఆపింది. గంట ఆగడం లేదు. మూడడుగులకోసారి ఆగాల్సింది, ఒకటే మోగుతోంది. అదీ వాగు వైపు కాదు, ఊబి వైపు. పైన ఎండిన పెచ్చు, కింద లోతు తెలియని బురద. అందులో దిగిన ఎద్దు మళ్లీ పైకి రాదు. నక్కకు నెల రోజుల తిండి.

రాళ్ల మీద నుంచి దూకుతూ వచ్చింది బొల్లి. తేలికైన ఒళ్లు కనుక నక్క పెచ్చు అంచున నిలబడి మెడ ఊపుతోంది. మైలయ్య ముందుకాలు ఊబికి ఒక్క అడుగు దూరంలో ఉంది. బొల్లి అరవబోయి ఆగిపోయింది. ఉలిక్కిపడి ఆ ఒక్క అడుగూ వేస్తే ఇక చేసేదేం లేదు.

"బొల్లీ, ఇవాళ తొందరలో ఉన్నావమ్మా," అన్నాడు మైలయ్య.

గంట మోగింది.

"తొక్కి చూపించు. నేల చప్పుడు వినాలి."

నక్క కాలితో తట్టింది.

"వినబడలేదమ్మా. చెవులు కూడా మందగించినట్టున్నాయి. కాస్త ముందుకెళ్లి తొక్కు."

నక్క రెండడుగులు లోపలికెళ్లి తొక్కింది.

"ఊహూ. నాలుగు కాళ్లతో, గట్టిగా."

తిండి అంత దగ్గర్లో ఉంటే నక్కకు ఆలోచన ఏముంటుంది? ఎగిరి దూకింది. పెచ్చు పగిలింది. పొట్టదాకా దిగబడింది, గంటలో బురద నిండి మూగబోయింది.

"పెద్దయ్యా, లాగు. చస్తున్నా," అంది నక్క.

"నువ్వా," అన్నాడు మైలయ్య ఒక అడుగు వెనక్కి వేసి. "ఎవరో తెలియలేదు గాని, బొల్లి కాదని తెలిసే తొక్కమన్నాను. బొల్లి నా కోసం ఆగుతుంది."

నక్క సగం పూట కొట్టుకుని, తాడులోంచి తల పీక్కుని, పొట్ట ఈడ్చుకుంటూ అవతలి గట్టుకు చేరింది. మళ్లీ ఆ బీడు ముఖం చూడలేదు. గంట ఊబిలోనే ఉండిపోయింది.

ఇంటిదారిలో ముందు నడుస్తున్న బొల్లి ఆగింది. "గంట నేనే ఇచ్చాను తాతా. నక్క అని తెలిసే ఇచ్చాను. ఎడమ కన్ను ఉంది కదా, చూసుకుంటావులే అనుకున్నా."

మైలయ్య ఆ గొంతు వైపు తల తిప్పాడు. "ఆ కన్నూ పోయి నెలైంది."

"మరి చెప్పలేదేం?"

"నీ ఊపిరి చప్పుడు మారింది. ఇంకో బరువు పెట్టడమెందుకని."

"ఒకరోజు నువ్వు కూలబడితే బాగుండనుకున్నా," అంది బొల్లి, నేల చూస్తూ.

"నేనూ అనుకున్నాను," అన్నాడాయన. "పద. మూడడుగులు."

బీడు చేరాక బొల్లి నేరుగా మడుగు దగ్గరికెళ్లింది. "అత్తా, నా ఒక్కదాని వల్ల కావడం లేదు. తాతకు రెండు కళ్లూ లేవు. రోజు మార్చి రోజు నువ్వు తీసుకెళ్లాలి."

"ఇన్నాళ్లూ అడగలేదేమే?"

"నువ్వు పొగుడుతుంటే మధ్యలో అడ్డం ఎలా వచ్చేది?"

నల్లమ్మ బురద విదిలించుకుని లేచింది.

మర్నాడు బొల్లి కొండెక్కింది. ఆకు నోట పెట్టే ముందు చెవి కిందికి వేసింది. గంట లేదు. గేదె డెక్క దబ్బున పడటం, ఆగడం. ఆ వెనక ఎద్దు అడుగులు, ఆగడం. తర్వాత మైలయ్య గొంతు: "నువ్వు నాకంటే నిదానం నల్లమ్మా. నేనే నీ కోసం ఆగాల్సొస్తోంది."

అప్పుడు నమిలింది బొల్లి.

చూసుకునేవారు అలసటను దాచినా, ఆసరా తీసుకునేవారు అవస్థను దాచినా, ఆ రెంటి మధ్య నక్కకు దారి దొరుకుతుంది.