తాబేటి అవ్వ కొట్టిపారేసిన నినాదాలు

అనగనగా ఒక అడవి. ఆ అడవి మొత్తానికి ఒకటే మడుగు. సరిగ్గా కూర్చోండి. మధ్యలో లేచేవాళ్ళుంటే ఇప్పుడే లేవండి. కిందటిసారి ఎవరు లేచారో నాకు గుర్తుంది.

ఆ ఏడు ఎండలు మండిపోయాయి. వాగు ఎండింది. చెలమలు ఎండాయి. మడుగు ఒక్కటే మిగిలింది. దాని మీద పెత్తనం కోరలయ్య అనే అడవిపందిది.

కోరలయ్యా, జింకలూ పొద్దున్నే కొండకు మొక్కేవాళ్ళు. కొండమ్మ అనేవాళ్ళు. ఆ కొండ నీడనే వాళ్ళ తాతలు బతికారు. మొక్కితే తప్పేముంది? తప్పు ఎక్కడ వచ్చిందంటే, ఒకరోజు కోరలయ్య గట్టు మీద నిలబడి, "ఇక నుంచి కొండమ్మకు మొక్కినవాళ్ళకే నీళ్ళు" అన్నాడు.

నెమళ్ళు మబ్బుకు మొక్కుతాయి. ముళ్ళమ్మ అనే ఏదుపంది దేనికీ మొక్కదు. ఒంటినిండా ముళ్ళే గానీ, నోట్లో ఒక్క ముల్లు లేని తల్లి. ఆమెకు ఇద్దరు పిల్లలు. చిన్నదానికి నాలుక పిడచకట్టుకుపోయింది. కొండ అవతల ఒక గుంట ఉంది గానీ, దాని పక్కనే చిరుత కాపురం.

"ఒక్కసారి మొక్కేస్తే పోయేదానికి ఎందుకు వదినా ఈ బాధ?" అంది కుందేలు.

"నీళ్ళ కోసం మొక్కితే అది మొక్కు కాదు, అబద్ధం" అంది ముళ్ళమ్మ. "ఆ కొండకూ అది మర్యాద కాదు. దాహం వేసింది, నీళ్ళు కావాలి. అంతే నేనడిగేది."

అందరూ కలిసి మడుగు దగ్గరికి ఊరేగింపుగా పోదామనుకున్నారు. ఒకరు పలకాలి, మిగతావాళ్ళు అందుకోవాలి. పలికే పని గోరింక తీసుకుంది. దాని నోరు మీకు తెలుసుగా. చిటికెలో మాట కట్టింది.

"కొండ మీకు అమ్మయితే, గులకరాళ్ళు తమ్ముళ్ళా?"

కుందేళ్ళు పొట్టలు పట్టుకుని నవ్వాయి. నెమళ్ళు ఈకలు రాలేదాకా నవ్వాయి. తాబేటి అవ్వ ఒక్కతే నవ్వలేదు. "వద్దు" అంది. ఎవరూ వినలేదు. ముసలిదాని మాట ఎవరు వింటారు? ఇప్పుడు మాత్రం వింటున్నారా?

మొదటిరోజు అదే పాడుకుంటూ పోయారు. మడుగు ఇంకా వంద అడుగులుందనగా జింకలకు ఆ మాట వినబడింది. మందకు మంద లేచింది. కొమ్ములు వంచి గట్టుకు అడ్డం నిలబడింది.

"చూశారా?" అన్నాడు కోరలయ్య, హాయిగా బురదలో పడుకునే. "వీళ్ళొచ్చింది నీళ్ళ కోసం కాదు. మీ అమ్మ మీదికి."

వెళ్ళినవాళ్ళు ఎండిన నోళ్ళతో తిరిగొచ్చారు. ముళ్ళమ్మ చిన్నపిల్ల ఆ సాయంత్రం నడవలేకపోయింది. తల్లి మోసుకొచ్చింది.

మరునాడు గోరింక ఇంకోటి కట్టింది. "బురదమూతి పంది పెత్తనం నశించాలి!"

ముళ్ళమ్మ మెల్లగా అంది, "నాయనా, నా పేరులోనూ పంది ఉంది. ఆయన మూతి మనకేం చేసింది? ఆయన పెట్టిన షరతు కదా చేసింది."

అప్పుడు తాబేటి అవ్వ మెడ చాచింది.

"ఒరే గోరింకా. నాకు జింకలంటే పడదు. ఏడేళ్ళ కింద ఇసుకలో పెట్టిన నా గుడ్ల మీదుగా ఆ మంద పరిగెత్తింది. ఒక్కరొచ్చి తప్పయిందనలేదు. చచ్చేదాకా మర్చిపోను. ఆ జింకల్ని తిట్టాలంటే నీకంటే బాగా తిట్టగలను. కానీ నా పగ నాది. దాన్ని ఈ పసిదాని దాహంలో కలపను. నువ్వూ కలపకు."

"మరి ఏమని అరవమంటావు?" అంది గోరింక ఉక్రోషంగా.

"ముందు నువ్వు కట్టిన మొదటి మాటే పట్టుకెళ్ళు. పెద్ద జింక చుక్కమ్మ ఎదురుగా నిలబడి అను. ఆమె అందుకుంటే అది నినాదం. అందుకోలేకపోతే అది తిట్టు. ఇంతకంటే నాకు చదువు రాదు."

గోరింక వెళ్ళింది. చుక్కమ్మ కూనను పక్కన పెట్టుకుని కొండకు తలవంచి ఉంది. కూన కూడా వంకరగా తల వంచింది. గోరింక ముక్కు తెరిచింది. మాట రాలేదు. మళ్ళీ తెరిచింది. రాలేదు.

"ఏదో అనడానికి వచ్చినట్టున్నావు. అను నాయనా" అంది చుక్కమ్మ.

గోరింక తిరిగొచ్చింది.

ముళ్ళమ్మ ఒడిలో పిల్లను సర్దుకుంటూ అంది, "మడుగు నీళ్ళు ఎవరివి? దాహమేసిన ప్రతి నోటివి. ఇలా అంటే?"

"ప్రాస లేదు" అంది గోరింక.

"దాహానికి ప్రాస ఎందుకురా?" అంది అవ్వ. "పో. ఇదీ చుక్కమ్మకు వినిపించు."

ఈసారి గోరింక ఆగకుండా చెప్పింది. చుక్కమ్మ నెమరు ఆపి వింది. "అందులో మా కొండమ్మ ఊసు లేదుగా?" అంది. లేదంది గోరింక. "కోరలయ్యను తిట్టలేదుగా?" లేదంది. "సరే, వెళ్ళు" అంది చుక్కమ్మ.

మూడోరోజు పొద్దున్న మళ్ళీ బయలుదేరారు. జింకలు మళ్ళీ అడ్డం నిలబడ్డాయి. కోరలయ్య మళ్ళీ బురదలో పడుకున్నాడు.

గోరింక గొంతెత్తి పలికింది. "మడుగు నీళ్ళు ఎవరివి?"

వెనకనున్నవాళ్ళు నోరు తెరిచేలోపే, ముందు నుంచి, కొమ్ముల మధ్య నుంచి ఒక ముసలి గొంతు వచ్చింది.

"దాహమేసిన ప్రతి నోటివి."

చుక్కమ్మ. మంద అంతా ఆమె వైపు తిరిగింది. గోరింక రెండోసారి పలికింది. ఈసారి పది జింకలు అందుకున్నాయి. మూడోసారికి అటెవరో ఇటెవరో తెలియలేదు.

కోరలయ్య లేచి వెనక్కి చూసుకున్నాడు. వెనక ఎవరూ లేరు. "తాగండి, తాగండి. నేనెప్పుడు వద్దన్నాను?" అంటూ పక్కకు జరిగాడు.

చుక్కమ్మ కొండకు మొక్కి నీళ్ళు తాగింది. నెమలి మబ్బుకు మొక్కి తాగింది. ముళ్ళమ్మ పిల్ల దేనికీ మొక్కకుండా మూతి మొత్తం ముంచి తాగింది. ఎవరూ ఎవరి వైపూ చూడలేదు.

తాబేటి అవ్వ అందరికంటే ఆఖర్న చేరింది. చుక్కమ్మ పక్కన ఆగింది.

"నీళ్ళ మాట తేలింది" అంది. "నా గుడ్ల మాట తేలలేదు. మర్చిపోయాననుకోకు."

చుక్కమ్మ తల దించింది. "తెలుసమ్మా. అదీ వింటాను. ముందు నువ్వు నీళ్ళు తాగు."

అవ్వ తాగింది.

నీతి: హక్కును గట్టిగా అడగండి, ఎదుటివాడి మొక్కును ఎగతాళి చేసి అడగకండి, ఎదుటివాడు కూడా అందుకోగల మాటే గెలుస్తుంది.