నాలుగు గంటల తోడు

కొత్తగా వచ్చిన మనిషిని తిరుపాలయ్య మాస్టారు ఎన్నేళ్ళుగా తాగుతున్నావని అడిగేవారు కాదు. ఎంత తాగుతావనీ అడిగేవారు కాదు. ఎదురుగా కూర్చోబెట్టి, మంచినీళ్ళ చెంబు చేతికిచ్చి, "నీ వేళ ఏది?" అనేవారు. తాగేవాడికి ఆ మాట విడమరిచి చెప్పనక్కర్లేదు. ఒకడు తెల్లారగట్ల అంటాడు, ఒకడు అన్నం ముందు అంటాడు, ఒకడు పని దిగే వేళ అంటాడు. మిగతా ఇరవైమూడు గంటలూ ఎలాగో నెట్టుకురావచ్చు. ఆ ఒక్క గంట మాత్రం మనిషిని మెడబట్టి దుకాణం దాకా ఈడ్చుకుపోతుంది. మాస్టారు ఆ గంటని అతని పేరు పక్కన రాసుకునేవారు.

రాసుకునేది పలక మీదే. ఆ ఊరు పలకల ఊరు. గనిలో రాయి తీసి, కోసి, బడిపిల్లల పలకలు చేసి పంపిన కార్ఖానాలు ఒక్కొక్కటే మూతబడ్డాయి. అలా ఖాళీ అయిన రేకుల షెడ్డు ఒకదాంట్లో మాస్టారు ఈ కేంద్రం పెట్టారు. ఆయనా ఒకప్పుడు తాగి బడికి వెళ్ళిన పంతులే. మానేసి ఇరవైఆరేళ్ళు. షెడ్డు గోడకి ఆనించిన తలుపంత పలక మీద, ఎవరు ఎవరి దగ్గరికి ఏ వేళకి వెళ్ళాలో బలపంతో రాసి ఉండేది. వెళ్ళేవాళ్ళు పద్నాలుగు మంది, అందరూ తాగి మానినవాళ్ళే. జీతం లేదు. బోధలు చెయ్యకూడదు. కొత్తగా మానిన మనిషి పక్కన గంటసేపు కూర్చుని రావడమే వాళ్ళ పని. నియమం ఒక్కటే: కొత్తవాడి వేళకి కాదు, వెళ్ళేవాడు తన వేళకి వెళ్ళాలి.

మురహరికి మింగుడుపడనిది ఆ నియమమే. ఇరవైనాలుగేళ్ళవాడు, స్టాటిస్టిక్స్ చదివినవాడు, చుక్క ముట్టనివాడు. చిన్నాన్నని తాగుడు మింగేశాక, ఎవరూ పిలవకుండానే వచ్చి మాస్టారి దగ్గర చేరాడు. ఎనిమిది నెలల్లో షెడ్డుకి నీళ్ళ పంపు వేయించాడు, వారానికోసారి డాక్టరు వచ్చేలా చేశాడు. ఒకనాడు నోటుపుస్తకం తెరుచుకుని మాస్టారి ముందు కూర్చున్నాడు.

"మాస్టారూ, కొత్తవాళ్ళు పద్నాలుగు మంది. అందులో ముగ్గురికే కష్టమైన వేళలో తోడు దొరుకుతోంది. మిగతా పదకొండు మంది దగ్గరికీ మనవాళ్ళు వెళ్ళేది వాళ్ళు నిమ్మళంగా ఉన్నప్పుడే. చెంచయ్యనే చూడండి. అతను వెళ్ళే కొత్తవాడు మస్తాన్‌వలి వేళ పొద్దున అయిదు. చెంచయ్య పోయి కూర్చునేది సాయంత్రం నాలుగింటికి. జ్వరం పొద్దున వస్తే మందు సాయంత్రం మింగించినట్టుంది. ఎందుకండీ ఈ నియమం?"

మాస్టారు పుస్తకంలోని అంకెల్ని చాలాసేపు చూశారు. లెక్క తప్పు లేదు.

"రేపు ఒంగోలులో నా కంటికి ఆపరేషన్ కదా," అన్నారు. "పన్నెండు రోజుల్లో వస్తాను. వచ్చాక చెబుతాను."

మురహరి ఒక రోజు ఆగాడు. రెండో రోజు తడిగుడ్డతో పలక తుడిచి కొత్త పట్టిక రాశాడు. ఇప్పుడు పద్నాలుగు మందిలో పద్నాలుగు మందికీ వాళ్ళ వాళ్ళ వేళకే తోడు. దగ్గరిళ్ళ వాళ్ళని జత కలపడంతో, అందరూ కలిసి రోజుకి నలభైఆరు కిలోమీటర్లు నడిచేది పందొమ్మిదికి దిగింది. చదువుకున్నవాడు రాశాడు కదా అని ఎవరూ మారు మాట్లాడలేదు.

చెంచయ్య కూడా మాట్లాడలేదు. యాభైరెండేళ్ళవాడు, ముప్పై ఏళ్ళు పలకరాయి కోసినవాడు. నాలుగింటికి కార్ఖానా గంట కొట్టేది, గేటు దాటితే దుకాణం. కార్ఖానా మూతబడినా ఆ గంట అతని ఒంట్లో మోగుతూనే ఉండేది. మందు మానేసి పందొమ్మిది నెలలు. ఇంకొక్కసారి ముట్టుకుంటే లివరు నిలవదని డాక్టరు మొహం మీదే చెప్పాడు. ఆ సంగతి షెడ్డులో అందరికీ తెలుసు.

మర్నాడు పొద్దున అయిదింటికి మస్తాన్‌వలి వాకిట్లో చెంచయ్య నిలబడేసరికి, ఆటో తుడుచుకుంటున్న అతను తల తిప్పి చూశాడు.

"ఏందన్నా, కోడి కంటే ముందే దిగావు? ఇంట్లో నల్లులా?"

"పట్టిక మారిందంట."

"మరి సాయంత్రం?"

"సాయంత్రం లేదంట," అని చెంచయ్య వెనక సీట్లో కూర్చున్నాడు. ఆ పూట ఇద్దరూ పెద్దగా మాట్లాడుకోలేదు. అయినా మస్తాన్‌వలి దుకాణం వైపు పోలేదు.

పట్టిక పనిచేసింది. అంతకుముందు వారానికి ఇద్దరైనా జారిపోయేవారు. ఇప్పుడు తొమ్మిది రోజుల్లో కొత్తవాళ్ళలో ఒక్కడు కూడా దుకాణం గడప తొక్కలేదు. మురహరి ఆ తొమ్మిది సున్నాల్నీ నోటుపుస్తకంలో వరసగా వేసుకున్నాడు. మాస్టారు వచ్చాక చూపించాలి.

కొత్త పట్టిక రెండో రోజు నుంచే చెంచయ్య నాలుగింటికి షెడ్డుకి రావడం మొదలుపెట్టాడు. "ఏదన్నా పనుంటే చెప్పు బాబూ," అన్నాడు.

"తెల్లారకముందే లేచి తిరుగుతున్నారు, పెద్దాయనా. సాయంత్రమన్నా కాస్త నడుం వాల్చండి," అన్నాడు మురహరి. ప్రేమగానే అన్నాడు.

మూడో రోజు చెంచయ్య ఊడ్చిన షెడ్డునే మళ్ళీ ఊడ్చాడు. నాలుగో రోజు పంపు దగ్గర కూర్చుని, నిండిన బిందెలు వంచి మళ్ళీ నింపాడు. ఆరో రోజు గడప దగ్గరే నిలబడి, "మస్తాన్ దగ్గరికి పోయి రానా? ఊరికే," అని అడిగాడు.

"ఆ వేళకి ఆయనకి బేరాలుంటాయి కదండీ. పొద్దున ఎలాగూ కలుస్తున్నారు."

"అవున్లే," అన్నాడు చెంచయ్య. కాసేపు పలక వైపు చూసి వెళ్ళిపోయాడు.

ఎనిమిదో రోజు రాలేదు. తొమ్మిదో రోజూ రాలేదు. మొత్తానికి విశ్రాంతికి అలవాటు పడ్డాడనుకున్నాడు మురహరి.

పదో రోజు పొద్దున అయిదింటికి చెంచయ్య మస్తాన్‌వలి వాకిట్లో లేడు. మస్తాన్‌వలి పావుగంట చూశాడు. ఆటో తీసి ఇంటికి వెళ్ళాడు, లేడు. దుకాణం వెనకాల, కోసి పారేసిన పలకముక్కల దిబ్బ పక్కన పడి ఉన్నాడు. నోటి దగ్గర నేల నల్లగా తడిసి ఉంది. మస్తాన్‌వలి అతన్ని ఎత్తి వెనక సీట్లో పడుకోబెట్టి, హారన్ మీద నుంచి చెయ్యి తియ్యకుండా ఆసుపత్రికి తోలాడు.

మురహరి వెళ్ళేసరికి చెంచయ్యకి స్పృహ లేదు. కళ్ళు పసుపు ముద్దల్లా ఉన్నాయి. మంచం పక్కన స్టూలు మీద మస్తాన్‌వలి కూర్చుని ఉన్నాడు. మురహరి, "పొద్దున మీ దగ్గర బాగానే ఉండేవాడు కదా?" అన్నాడు.

"పొద్దున ఆయన బాగానే ఉండేవాడు బాబూ. సాయంత్రం నేనూ బాగానే ఉండేవాణ్ణి," అన్నాడు మస్తాన్‌వలి. గొంతు పెంచలేదు. "నాలుగింటికి నాకేం బాధ లేదు. ఆ సంగతి నాకు తెలుసు, ఆయనకీ తెలుసు. అయినా రోజూ, రా అన్నా, నువ్వు రాకపోతే నేనేమైపోయేవాణ్ణో అని సీటులో చోటిచ్చేవాణ్ణి. ఒక్కోరోజు చేతులు వణికినట్టు కూడా చేసేవాణ్ణి. ఆయన నా చేతులు పట్టుకునేవాడు. వణికేవి ఆయనవి. బేరాలు పోతే పోయినయ్. నీకు ఎవరు చెప్పారయ్యా, నాకు బేరాలున్నాయని?"



ఆ సాయంత్రమే మాస్టారు ఒంగోలు బస్సు దిగి, నల్లకళ్ళద్దాలతో నేరుగా ఆసుపత్రికే వచ్చారు. చెంచయ్య పాదాల దగ్గర చాలాసేపు నిలబడ్డారు. మురహరి ఏదో చెప్పబోతే చెయ్యెత్తి ఆపారు. "చెప్పి వెళ్ళాల్సింది నేను," అని మాత్రం అన్నారు. మూడు రోజులకి చెంచయ్య పోయాడు. మోసినవాళ్ళలో ఏడుగురు షెడ్డువాళ్ళే. చుట్టాలు ఎవరూ రాలేదు. మోసేవాళ్ళల్లో ఒకడు దారిలో, "తాగిపోయాడంట అని ఊరంతా అంటన్నారు," అని గొణిగితే, మస్తాన్‌వలి పాడె కొమ్ము భుజం మార్చుకుంటూ, "పందొమ్మిది నెలలు తాగలేదు. అది కూడా అనమను," అన్నాడు.

తరువాత మురహరి పలక తుడిచి, పాత పట్టికని గుర్తున్నంత వరకూ మళ్ళీ రాశాడు. నోటుపుస్తకం ముట్టుకోలేదు. పొద్దున్నే వచ్చేవాడు, పనులన్నీ చేసేవాడు. సాయంత్రం నాలుగింటికి మాత్రం షెడ్డులో కనిపించేవాడు కాదు. ఎక్కడికి పోతున్నావని అడిగితే, ఊరికే నడిచి వస్తున్నానని చెప్పేవాడు. దుమ్ము కొట్టుకున్న కాళ్ళతో చీకటి పడే వేళకి తిరిగొచ్చేవాడు. రెండుసార్లు అతన్ని పలకముక్కల దిబ్బ దగ్గర చూశామన్నారు.

రెండు వారాలు గడిచాక, ఒక మధ్యాహ్నం మాస్టారు పలక ముందు ఆగారు. మస్తాన్‌వలి పేరు పక్కన గడి ఖాళీగా ఉంది.

"రాయలేదేం?"

"ఎవరిని రాయాలో తెలియడం లేదండీ. మన నియమం ప్రకారం వెళ్ళేవాడు తన వేళకే వెళ్ళాలి. మిగిలిన పదమూడు మంది వేళలూ నిండిపోయాయి. మస్తాన్‌వలి ఇంకా నలభై రోజులవాడే, తోడు లేకుండా వదలకూడదు. కానీ తన వేళ ఇంకా ఖాళీగా ఉన్నవాడు మనలో ఎవరూ లేరు." అతని చేతిలో బలపం ఉంది. గోడ గడియారం మూడూ ముప్పావు చూపిస్తోంది. అతను అటు చూడకుండా ఉండటానికి ప్రయత్నిస్తున్నాడు.

మాస్టారు నల్లకళ్ళద్దాలు తీశారు. కొత్త కన్ను ఇంకా ఎర్రగానే ఉంది. ఆ కంటితో శిష్యుడి మొహంలోకి చూశారు.

"నాలుగయ్యేసరికి నీకెలా ఉంటోంది, నాయనా?" అని అడిగారు.