ముక్కుపుడకా, మూడు కూతకర్రలూ

అనగనగా ఒక సముద్రం.

మామూలుగా ముందు రాజును చెప్పి తరువాత రాజ్యాన్ని చెబుతారు. ఈ కథలో రాజు కంటే సముద్రమే పెద్దది కాబట్టి దాన్నే ముందు కూర్చోబెట్టాను. రాజుగారి పేరు మూడు బారల పొడుగు. నాకు సగమే గుర్తుంది. ఆ సగమూ తప్పేనని మా ఇంట్లో అంటారు.

ఆ సముద్రం ఒడ్డున ఇసుకపర్ర అనే పల్లె. ఆ పల్లెకు ఒక వింత అలవాటు. తుఫాను వెలిసిన మర్నాడు ఊరు ఊరంతా పాత దువ్వెనలు పట్టుకుని ఒడ్డుకు వచ్చేది. తల దువ్వుకోవడానికి కాదు, ఇసుకను దువ్వడానికి! ఎప్పుడో మునిగిన ఓడల్లోంచి, ఎక్కడో కూలిన మేడల్లోంచి సముద్రం చిటికెడు బంగారం తెచ్చి ఒడ్డున పారబోసేది. ఆవగింజలో సగముండే రేణువులు. దువ్వెనతో ఇసుకను పాయలు తీస్తే అవి ఎండలో తళుక్కుమనేవి.

ఆ పల్లెలో పోలయ్య అనే చేపలవాడు ఉండేవాడు. అందరూ నడుస్తూ దువ్వేవారు. పోలయ్య కూర్చుని దువ్వేవాడు. ముందు ఒడ్డంతా కళ్ళతో చూసి నల్లిసుక చార ఎక్కడుందో పట్టేవాడు. నల్లిసుక బరువు, బంగారమూ బరువు. అల ఆ రెండింటినీ మోయలేక ఒకే చోట దించేస్తుందని అతనికి తెలుసు. ఆ చార పక్కన చతికిలబడి జానెడు దువ్వేవాడు, జానెడు జరిగేవాడు. సూర్యుడు నడినెత్తికి వచ్చేసరికి పది బారలు కూడా దాటేవాడు కాదు.

"నత్త మావా, ఈ ఏడు మా ఇంటిదాకా వస్తావా?" అని ఏడిపించేవారు.

"వచ్చే ఏడు వస్తాను, కూర వండి ఉంచండి" అనేవాడు పోలయ్య.

అలా పన్నెండేళ్ళు, పన్నెండు తుఫానులు. రేణువూ రేణువూ నత్తగుల్లలో దాచి, చివరికి భార్య నూకరత్నానికి ముక్కుపుడక చేయించాడు. పెసరగింజంత పుడక. రత్నం నవ్వితే ముందు పుడక నవ్వేది, తరువాత రత్నం నవ్వేది.

పదమూడో తుఫాను వచ్చింది. ఆ వారం రత్నానికి జలుబు. ముక్కు చీదీ చీదీ ఎర్రబడితే పుడక తీసి గోడ గూట్లో పెట్టింది. ఊరంతా మెట్ట మీది సత్రానికి పరుగెత్తినప్పుడు తానూ పరుగెత్తింది. తిరిగి వచ్చేసరికి పుడక లేదు, గూడు లేదు, అసలు గోడే లేదు.

"పోతే పోయింది మావా. నువ్వున్నావు, నేనున్నాను, సాలదేటి?" అంది రత్నం.

అంది కానీ, ఆ రోజు నుంచి నవ్వొస్తే కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకునేది. కొన్నాళ్ళకు కొంగు తీసింది. నవ్వు కూడా మానేసింది.

అది చూసి పోలయ్యకు అన్నం సహించలేదు. పైగా మరో మూడు రోజుల్లో అమావాస్య పోటు. ఆ పోటు వచ్చిందంటే ఒడ్డున ఉన్న ఇసుకంతా లోపలికి లాగేసుకుపోతుంది. పుడక పడి ఉంటే ఇల్లున్న చోటి నుంచి, కాలువ సముద్రంలో కలిసే మొగ దాకానే పడి ఉండాలి. అదే రెండు వందల బారలు. మూడు రోజుల్లో అంతా దువ్వడం నత్త వల్ల అవుతుందా? అందుకని కూర్మయ్య శెట్టి అంగడికి పరుగెత్తాడు.

కూర్మయ్య అమ్మేవి కూతకర్రలు. నేలలో లోహం ఉంటే కుయ్యిమనే కర్రలు. ఈ రోజుల్లో వాటినే మెటల్ డిటెక్టర్లు అంటున్నారు. రాజుల కాలంలో అవెక్కడివని అడగకండి. నన్ను కథ చెప్పమన్నారు కానీ చరిత్ర చెప్పమనలేదు.

"శెట్టిగారూ, ఒక కూతకర్ర అరువివ్వండి. రోజుకో బుట్ట ఎండు చేపలు ఇచ్చుకుంటాను."

"ఏది కావాలి?"

"రాజుగారి కర్రలాంటిదే కావాలి!"

అతన్ని చూసి నవ్వకండి. నేనూ ఒకసారి మా వీధి పెద్దాయన పట్టుకున్నదానిలాంటి గొడుగే కావాలని కొన్నాను. ఆయన నాకు రెండింతలుంటాడు. మొదటి గాలికే గొడుగు రెండు వీధులు ఎగిరింది, దాని కర్ర పట్టుకుని నేనూ ఎగిరాను.

రాజుగారి కర్రకు బండిచక్రమంత తల. పాత కోటల కింద పాతరేసిన బిందెలు వెతకడానికి చేసినది. పోలయ్య దాన్ని భుజాన వేసుకుని బయలుదేరుతుంటే రత్నం అడిగింది.

"మావా, దువ్వెనో?"

"రాజుగారి కర్ర ఉండగా దువ్వెన దేనికే!" అని పళ్ళూడిన దువ్వెనను ఇసుకలో పారేసి వెళ్ళాడు. రత్నం దువ్వెనను ఏరి రొండిన దోపుకుంది.

మొదటి రోజు మధ్యాహ్నం దాకా చక్రం నోరు విప్పలేదు. మధ్యాహ్నం దాటాక ఒక చోట భోంమంది. పోలయ్య మోకాలి లోతు తవ్వాడు. నడుం లోతు తవ్వాడు. గుండె లోతు తవ్వాడు. బయటపడింది తుప్పు పట్టిన లంగరు! దాన్ని పైకి లాగేసరికి పొద్దు వాలింది, నడుం కూడా వాలింది.

గోతి పక్కన ఒక పీత బయటికి వచ్చి నిలబడింది. దానికి ఒక చెయ్యి పెద్దది, ఒక చెయ్యి చిన్నది.

"ఓ నత్త మావా! ఇక్కడ నా ఇల్లుండాలి. చూశావా?"

"నా ఇల్లే పోయింది, నీ ఇల్లు నేనేం చూసేది?" అన్నాడు పోలయ్య విసుగ్గా.

"నీ ఇల్లు సముద్రం తీసింది. నా ఇల్లు నువ్వు తీశావు. సముద్రానికైతే కళ్ళు లేవనుకోవచ్చు" అంది పీత.

పోలయ్య తలదించుకున్నాడు.

రెండో రోజు మళ్ళీ అంగడికి వెళ్ళాడు.

"ఈసారి ఏది కావాలి?"

"పొరుగూరి ఎర్రన్న కర్రలాంటిది! వాడు వారానికో పాత నాణెం పట్టుకొస్తున్నాడట."

ఎర్రన్న తిరిగేది దున్నిన మెట్ట చేలల్లో. వేగంగా నడుస్తూ కర్రను అటూ ఇటూ విసురుతాడు. అక్కడ అది చక్కగా పలుకుతుంది. ఇక్కడ తడి ఇసుక మీద పెట్టీ పెట్టగానే కుయ్యోమంది. ఉప్పుకు కూసింది. తడికి కూసింది. మేకుకు కూసింది, గాలానికి కూసింది. పోలయ్య మొలతాడుకున్న వెండి బిళ్ళకు కూడా కూసింది. కర్ర ఎటు కూస్తే పోలయ్య అటు పరుగెత్తాడు.

"ఒలే, నత్తకు కాళ్ళొచ్చాయే!" అని ఒడ్డున వలలు బాగు చేసుకునేవాళ్ళు పొట్టలు పట్టుకున్నారు.

సాయంత్రానికి బుట్టెడు తుప్పు మేకులు పోగయ్యాయి. చివరి కూతకు వెనక్కి పరుగెత్తి, నిన్న తాను తవ్విన గోతిలో తానే పడ్డాడు.

అడుగున పీత కూర్చుని ఉంది.

"రా మావా, కూర్చో. ఇల్లు ఇరుకు, ఏమనుకోకు."

పోలయ్యకు ఏడుపొచ్చింది. "రేపొక్కరోజే మిగిలింది. రేపు సాయంత్రానికి పోటు వచ్చేస్తుంది. దాని నవ్వు ఇక నేను చూడను" అన్నాడు.

పీత మెత్తబడింది. "మావా, నా చేతులు చూడు. పెద్ద చెయ్యి పోట్లాటకు. చిన్న చెయ్యి తిండికి. పెద్దదానితో తినబోతే మెతుకు నోట్లోకి రాదు, కంట్లోకి పోతుంది. నువ్వు రెండు రోజులుగా రాజు చేత్తో, ఎర్రన్న చేత్తో తింటున్నావు. నీ చెయ్యి ఏది? పన్నెండేళ్ళు ఎలా వెతికావు?"

"కూర్చుని. జానెడు జానెడు."

"ఎక్కడ?"

"నల్లిసుక చార..." అంటూనే పోలయ్య నెత్తి కొట్టుకున్నాడు. రెండు రోజుల్లో ఒక్కసారి కూడా నల్లిసుక వైపు చూడలేదు! కర్ర ముందు నడిచింది, తాను వెనక నడిచాడు.

లేచి, ముందు గోతిని పూడ్చాడు. పీతకు చక్కటి చోటు చూపించి మొక్కాడు. తలదాచుకుంటున్న సత్రానికి వెళ్ళాడు.

మూడో రోజు తెల్లవారీ తెల్లవారకముందే పోలయ్య వెళ్ళి కూర్మయ్య తలుపు తట్టాడు.

"ఏది కావాలి?"

"ఏది కావాలో నాకు తెలీదు శెట్టిగారూ. నేనెలా వెతుకుతానో చెబుతాను. ఏది ఇవ్వాలో మీరే చెప్పండి."

కూర్మయ్య తూకం రాళ్ళు కింద పెట్టాడు. "ముప్ఫై ఏళ్ళుగా అంగడి నడుపుతున్నాను. ఈ మాట అన్నవాడివి నువ్వొక్కడివే. చెప్పు."

పోలయ్య చెప్పాడు. తడి ఇసుక, ఉప్పు నేల, కూర్చుని చేసే పని, పెసరగింజంత పుడక. కూర్మయ్య అటక మీంచి బూజు పట్టిన చిన్న కర్ర ఒకటి దించాడు. తల మూకుడంత కూడా లేదు.

"దీనికి జానెడు లోతే వినబడుతుంది. పాతరలో బిందె ఉన్నా దీనికి తెలియదు. నడుస్తూ విసిరితే పలకదు. కానీ ఉప్పుకు అరవదు, తడికి అరవదు. గింజంత ఉన్నా వింటుంది. చూడ్డానికి బాగోదని ఎవరూ అడగరు. అడగనిది నేను చెప్పను. నా తప్పూ ఉంది పోలయ్యా, ఈ రోజు చేపలు వద్దులే."

ఒడ్డుకు వచ్చి పోలయ్య ముందు కర్ర ఎత్తలేదు. కళ్ళు ఎత్తాడు. కాలువ మొగకు ఇవతల నల్లిసుక చార ఒకటి, కాటుక గీసినట్టు సన్నగా కనిపించింది. వెళ్ళి దాని పక్కన చతికిలబడ్డాడు. జానెడు విన్నాడు, జానెడు జరిగాడు.

కర్ర ఒకసారి పలికింది. గాలం. రెండోసారి పలికింది. వలకు కట్టే సీసపు గుండు. పొద్దు వాలుతోంది. పోటు మొదలైంది. అల నురగ పోలయ్య మడమలు తాకింది.

రత్నం పరుగున వచ్చింది. "లే మావా! నీళ్ళొచ్చేస్తున్నాయి. నీకంటే ఎక్కువేటి ఆ పుడక?"

"ఇంకొక్క జానెడే!"

"నువ్వు జానెడంటే పొద్దు గూకుద్ది!"

అప్పుడే కర్ర దోమలా సన్నగా, కుయ్ అంది.

పోలయ్య కర్ర పక్కన పెట్టాడు. వేళ్ళతో తవ్వితే ఇసుక జారిపోతోంది. అవతల పెద్ద అల లేస్తోంది. రత్నం రొండిన ఉన్న దువ్వెన తీసి మొగుడి చేతిలో పెట్టింది. తాను వెళ్ళి అలకు వీపు పెట్టి అడ్డంగా కూర్చుంది.

పోలయ్య ఒక్క పాయ తీశాడు. అల వచ్చి రత్నం వీపున పగిలింది. నీరు దిగిపోయాక దువ్వెన ఎత్తి చూస్తే, పన్ను ఊడిన సందులో ఇరుక్కుని ఉంది పుడక!

రత్నం తడిచేత్తో అక్కడికక్కడే పెట్టుకుంది. ముందు పుడక నవ్వింది. తరువాత రత్నం నవ్వింది. ఆ తరువాత ఇద్దరూ లేచి, పోటుకు అందకుండా పరుగెత్తారు. ఆ పరుగులో మాత్రం పోలయ్య నత్త కాదు.

ఈ సంగతి కోటకు చేరింది. రాజుగారు పల్లకీ ఎక్కి అంగడికి వచ్చారు. పోలయ్య అప్పుడే కర్ర తిరిగివ్వడానికి వచ్చాడు.

"పోలయ్యా, నీ కర్ర గొప్పదట. దాన్ని నాకివ్వు. నా నిధులన్నీ దానితోనే వెతికిస్తాను."

"ప్రభూ, తమరి నిధులు నిలువు లోతున ఉంటాయి. దీనికి జానెడు దాటి వినబడదు. పైగా తమరు తడి ఇసుకలో కూలబడి జరగాలి" అన్నాడు పోలయ్య.

రాజుగారు తన పట్టుపంచె వైపు చూసుకుని పకపకా నవ్వారు. పల్లకీ వెనక్కి తిప్పించారు.

కూర్మయ్య ఆ రోజు నుంచి 'ఏది కావాలి?' అని అడగడం మానేశాడు. 'ఎలా వెతుకుతావు?' అని అడగడం మొదలుపెట్టాడు. లంగరు పోలయ్య పడవకు పనికొచ్చింది. దువ్వెన ఇంకా పోలయ్య దగ్గరే ఉంది. నా గొడుగు సంగతి మాత్రం గాలికే తెలియాలి.

పిల్లలూ, పనిముట్టు ఎంత పెద్దదని కాదు, ఎవరి దగ్గరుందని కాదు. నీ నేలకూ, నీ నడకకూ, నీ పనికీ నప్పేదేదో తెలుసుకున్నవాడికే వెతికింది దొరుకుతుంది.